పాసే సేంప్ల్: పట్టిక మొత్తం బట్టీ పట్టాలా?

మీ ప్రశ్న నాకర్థమైనంత వరకు ఇదీ: ఫ్రెంచిలో బీ1 (మధ్య స్థాయి) పూర్తయింది, ధైర్యం చేసి మోపాసాఁ కథలు మొదలుపెట్టారు. మొదటి పేజీలోనే ఫ్యు, వీ, ప్రీ, వేఁ అనే పొట్టి మాటలు అడ్డుపడ్డాయి. అవి పాసే సేంప్ల్ రూపాలు, అంటే రాతలో కథ చెప్పడానికి వాడే భూతకాలం. డిక్షనరీలో వెతికితే చాలావరకు దొరకలేదు. పుస్తకం వెనక పట్టిక చూస్తే ఒక్కో క్రియకు ఆరేసి రూపాలు, దాంతో టెన్షన్ మొదలైంది. క్లాసులో అడిగితే "అది ఎవరూ మాట్లాడరు, వదిలెయ్" అన్నారు. డెల్ఫ్ బీ2 (ఫ్రెంచి భాషా పరీక్ష) కోసం ఇది కావాలా అన్నది ఇంకో అనుమానం. ఇప్పుడు బట్టీ పట్టాలా, వదిలెయ్యాలా?

రెండూ వద్దు. ఒక్కో క్రియకు ఒక్క రూపం నేర్చుకోండి: "ఇల్", అంటే "అతను" రూపం. మిగతా ఐదూ దాని నుంచే వస్తాయి. ఆ ఒక్క రూపం కూడా ముప్పాతిక క్రియలకు ఊహించేయొచ్చు. నిజంగా గుర్తు పెట్టుకోవాల్సినవి ఒక పాతిక ఉంటాయేమో. నేను ఏళ్ల తరబడి ఫ్రెంచి చెప్తున్నాను, అనువాదాలు కూడా చేస్తుంటాను. ఈ పట్టికను అడ్డంగా, "జ, త్యు, ఇల్, ను, వూ, ఇల్" అని పాఠం అప్పజెప్పినట్టు నేర్చుకున్నవాళ్లు కథ చదివేటప్పుడు తడబడటమే ఎక్కువగా చూశాను. నిలువుగా నేర్చుకోవాలి.

ఇక్కడ ఫ్రెంచి మాటల్ని పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. "యు" అని రాసినచోట పెదాలు "ఊ"కి పెట్టి "ఈ" అనాలి, అది మీకు తెలిసిందే. అరసున్న ఉంటే ముక్కుతో. స్పెల్లింగ్ ముఖ్యమైన చోట అక్షరాలు విడివిడిగా చెప్తాను.

ముందు "ఎవరూ మాట్లాడరు" అన్న మాట సంగతి. అది నిజమే. ఇవాళ పారిస్‌లో ఎవరైనా "నిన్న సినిమాకి వెళ్లాను" అనడానికి పాసే సేంప్ల్ వాడితే ఎదుటివాళ్లు నవ్వుతారు. మన గ్రాంథికం లాగా అనుకోండి: "చేసెను, వచ్చెను, పలికెను" అని బైబిల్లోనో పాత కథల్లోనో చదివితే ఎబ్బెట్టుగా ఉండదు, కిరాణా కొట్లో అంటే ఉంటుంది. కానీ ఈ పోలికను ఎక్కువ దూరం లాగకండి. తెలుగులో నవలల్లోంచి గ్రాంథికం వెళ్లిపోయింది. ఫ్రెంచిలో పాసే సేంప్ల్ వెళ్లలేదు. ఈ ఏడాది అచ్చయిన డిటెక్టివ్ నవలలో ఉంటుంది, ఆరేళ్ల పిల్లలకు చదివి వినిపించే కథలో ఉంటుంది, చరిత్ర పుస్తకంలో ఉంటుంది, పత్రికలో ఎవరైనా చనిపోయినప్పుడు రాసే జీవిత వ్యాసంలో ఉంటుంది. "రాజకుమారుడూ రాజకుమారీ సుఖంగా బతికారు, వాళ్లకు బోలెడుమంది పిల్లలు పుట్టారు" అని కథ ముగించే వాక్యం ఫ్రెంచి పిల్లలందరికీ నోటికొచ్చు. అందులో రెండు క్రియలూ, వేక్యుర్ (బతికారు), యుర్ (కన్నారు), పాసే సేంప్లే. అంటే వాళ్లకు ఇది పాండిత్యం కాదు, కథ చెప్పే గొంతు.

ఒకప్పుడు మాటల్లోనూ ఉండేది. 1660లో పోర్ రొయాల్ పండితులు ఆర్నో, లాఁస్లో రాసిన వ్యాకరణంలో ఒక నియమం కనిపిస్తుంది: ఇవాళ జరిగినదానికి ఇది వాడకూడదు, కనీసం ఒక రోజు గడిచి ఉండాలి. అంటే అప్పటికి నిన్నటి సంగతికి పాసే సేంప్ల్, ఇవాళ్టి సంగతికి పాసే కోంపోజే (ఇప్పుడు మాటల్లో వాడే భూతకాలం). తర్వాత పాసే కోంపోజే నిన్ననీ మొన్ననీ కూడా మింగేసింది, దీనికి రాత మాత్రం మిగిలింది. రాతలో కూడా అందరూ దీనికి కట్టుబడలేదు. 1942లో వచ్చిన ఆల్బేర్ కామూ తొలి నవల ప్రధానంగా పాసే కోంపోజేలోనే సాగుతుంది. అప్పట్లో పాఠకులకు అది కొట్టొచ్చినట్టు కనిపించింది. మీరు ఏదైనా నవల తెరిచి పాసే సేంప్ల్ కనిపించకపోతే అది రచయిత కావాలని తీసుకున్న నిర్ణయం అని గుర్తుంచుకోండి.

సరే, రూపాల్లోకి వద్దాం. చివర వినిపించే అచ్చును బట్టి నాలుగు కుటుంబాలు: "ఆ", "ఈ", "యు", "ఏఁ". ఏ క్రియ ఏ కుటుంబమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

"ఆ" కుటుంబంలో ఇ-ఆర్‌తో ముగిసే క్రియలన్నీ ఉంటాయి. అన్నీ అంటే అన్నీ. మిగతా కాలాల్లో ఇబ్బంది పెట్టే "అలే" (వెళ్లు) కూడా ఇక్కడ బుద్ధిగా "అలా" అవుతుంది. పర్లే, పర్లా. దొనే, దొనా. అతను ఒక్కడైతే చివర ఏ (a) అక్షరం, అంతే. వాళ్లు అయితే పర్లేర్, అలేర్. స్పెల్లింగ్‌లో ఇ మీద అక్సాఁ గ్రావ్, తర్వాత ఆర్-ఇ-ఎన్-టి, చివరి ఇ-ఎన్-టి పలకరు. వర్తమానంలో విసిగించే మార్పులు, అంటే "అపెల్"లో ఎల్ రెట్టింపు కావడం, "అషెత్"లో అక్సాఁ రావడం, "ఆఁవ్వా"లో వై పోయి ఐ రావడం, ఇవేవీ ఇక్కడ జరగవు. అపెలే, అపెలా. ఆఁవ్వాయే, ఆఁవ్వాయా. ఈ కాలం ఇంత సుఖం ఇంకెక్కడా ఇవ్వదు.

చూసుకోవాల్సింది ఒకటే: జీ, సీ అక్షరాలు. మాఁజే (తిను) "మాఁజా" కావాలంటే జీ మెత్తగా ఉండాలి కాబట్టి మధ్యలో ఒక ఇ మిగులుతుంది: ఎం-ఏ-ఎన్-జి-ఇ-ఏ. కొమాఁసే (మొదలుపెట్టు) "కొమాఁసా" కావాలంటే సీ కింద సెదియ్ తోక రావాలి. "వాళ్లు" రూపంలో తర్వాత ఇ వస్తుంది కాబట్టి అదనపు ఇ గానీ తోక గానీ అక్కర్లేదు.

చదివేటప్పుడు ఈ కుటుంబంలో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది "రా". మీకు చివర "రా" కనిపించగానే భవిష్యత్తు అనిపిస్తుంది. ఆఁత్రే (లోపలికి వెళ్లు), మోఁత్రే (చూపించు), తిరే (లాగు) లాంటి వాటిలో ఆ ఆర్ క్రియ సొంతం. "ఆఁత్రా" అంటే వెళ్లాడు. వెళ్తాడు అనాలంటే "ఆఁత్రరా", అందులో ఇంకో ఇ-ఆర్ ఉంటుంది. బీ1 నుంచి వచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇక్కడ కథను తలకిందులుగా అర్థం చేసుకుంటారు. రెండోది "నేను" రూపం. "జ పర్లే" పాసే సేంప్ల్‌లో ఏ-ఐతో ముగుస్తుంది, ఎంపర్ఫేలో (సాగుతూ ఉన్న గతం చెప్పే కాలం) ఏ-ఐ-ఎస్‌తో. పలకడంలో మొదటిది బిగుతు, రెండోది వదులు, కానీ ఇవాళ చాలామంది ఫ్రెంచివాళ్లు రెంటినీ ఒకేలా పలుకుతారు. కాబట్టి కంటితోనే పట్టుకోవాలి: ఎస్ ఉందా, లేదా.

"ఈ" కుటుంబంలోకి రెండు రకాలు వస్తాయి. ఒకటి మామూలు ఐ-ఆర్, ఆర్-ఇ క్రియలు. ఫినీర్ నుంచి ఫినీ, పర్తీర్ నుంచి పర్తీ, ఉవ్రీర్ నుంచి ఉవ్రీ, వాఁద్ర్ నుంచి వాఁదీ, రేపోఁద్ర్ నుంచి రేపోఁదీ, అతాఁద్ర్ నుంచి అతాఁదీ. రాసేటప్పుడు చివర ఐ-టి. వాళ్లు అయితే ఐ-ఆర్-ఇ-ఎన్-టి: ఫినీర్, రేపోఁదీర్.

ఇక్కడ ఒక గందరగోళం తప్పదు. ఫినీర్ తరహా క్రియలకు "అతను" రూపం వర్తమానంలోనూ ఇందులోనూ ఒకటే. దీర్ (చెప్పు) కూడా అంతే: "ఇల్ దీ" అంటే చెప్తాడు, చెప్పాడు, రెండూ. పక్కనున్న క్రియలు చూసి తేల్చుకోవాలి. ముందూ వెనకా ఆఁత్రా, ప్రీ, వేఁ ఉంటే మధ్యలో దీ కూడా గతమే.

రెండో రకం మీరు అడిగిన పొట్టివి. ఫేర్ (చెయ్యి) నుంచి ఫీ. వ్వార్ (చూడు) నుంచి వీ. ప్రాఁద్ర్ (తీసుకో) నుంచి ప్రీ. మెత్ర్ (పెట్టు) నుంచి మీ. దీర్ నుంచి దీ. రీర్ (నవ్వు) నుంచి రీ. సస్వార్ (కూర్చో) నుంచి ససీ. ఇవి ఎంత పొట్టివంటే వేళ్లకు అందవు, అందుకే డిక్షనరీలో మూల రూపం ఊహించడం కష్టం. ఈ ఏడింటినీ ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి, మోపాసాఁ పేజీ సగం తేలికవుతుంది. వీ దగ్గర మాత్రం జాగ్రత్త: వి-ఐ-టి అనేది వీవ్ర్ (బతుకు) క్రియకు వర్తమానం కూడా. "చూశాడు"నా, "బతుకుతున్నాడు"నా అన్నది వెనక కర్మ ఉందో లేదో చూస్తే తేలిపోతుంది.

ఈ కుటుంబంలోనే ఇంకొన్ని పొడుగువి ఉన్నాయి: ఎక్రీర్ (రాయి) నుంచి ఎక్రివీ, కోఁద్వీర్ (నడుపు) నుంచి కోఁద్విజీ, క్రేఁద్ర్ (భయపడు) నుంచి క్రెన్యీ, పేఁద్ర్ (రంగులు వెయ్యి) నుంచి పెన్యీ, వేఁక్ర్ (గెలువు) నుంచి వేఁకీ. వీటికి బట్టీ అక్కర్లేదు. వర్తమానంలో "మేము" రూపం తీసుకోండి: ను జెక్రివోఁ, ను కోఁద్విజోఁ, ను క్రెన్యోఁ, ను వేఁకోఁ. చివరి "ఓఁ" తీసేసి "ఈ" పెట్టండి. వచ్చేసింది. ఈ చిట్కా పుస్తకాల్లో ఎందుకో ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. నెత్ర్ (పుట్టు) ఒక్కటి దీనికి లొంగదు: నకీ. దాన్ని జీవితచరిత్రలు ఎలాగూ నేర్పిస్తాయి, ప్రతి దాంట్లో మొదటి క్రియ అదే.

"యు" కుటుంబం: అవ్వార్ (ఉండు, కలిగి ఉండు) నుంచి యు, ఇ-యు-టి అని రాస్తారు. ఎత్ర్ (అవు) నుంచి ఫ్యు. సవ్వార్ నుంచి స్యు, పువ్వార్ నుంచి ప్యు, దెవ్వార్ నుంచి ద్యు, వుల్వార్ నుంచి వుల్యు, లీర్ నుంచి ల్యు, బ్వార్ నుంచి బ్యు, క్ర్వార్ నుంచి క్ర్యు, కొనెత్ర్ నుంచి కొన్యు, రెసెవ్వార్ నుంచి రెస్యు, వీవ్ర్ నుంచి వేక్యు, కురీర్ (పరుగెత్తు) నుంచి కుర్యు, మురీర్ (చనిపో) నుంచి ముర్యు. వాళ్లు: యుర్, ఫ్యుర్, స్యుర్, ల్యుర్, ముర్యుర్. "ప్ల్యు" కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. వాన పడిందా, లేక ఎవరికైనా ఏదైనా నచ్చిందా? ప్లవ్వార్, ప్లేర్ రెండు క్రియలకూ అదే రూపం.

"ఏఁ" కుటుంబం చాలా చిన్నది. వెనీర్ (రా), తెనీర్ (పట్టుకో), వాటి పిల్లలు. వేఁ, తేఁ, రెవేఁ (తిరిగొచ్చాడు), దెవేఁ (అయ్యాడు), ఒప్తేఁ (సంపాదించాడు). వాళ్లు: వేఁర్, తేఁర్. అంతే, ఇంకెవరూ లేరు.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన మాట. "ఆ" కుటుంబాన్ని పక్కన పెడితే మిగతా మూడింటికీ ఒకటే సూత్రం. "అతను" రూపం చివర టి ఉంటుంది. "నేను", "నువ్వు" కావాలంటే ఆ టి తీసి ఎస్ పెట్టండి. "మేము" కావాలంటే అచ్చు మీద టోపీ (^) పెట్టి ఎం-ఇ-ఎస్, "మీరు" కావాలంటే అదే టోపీతో టి-ఇ-ఎస్. "వాళ్లు" కావాలంటే టి తీసి ఆర్-ఇ-ఎన్-టి. ఫీ నుంచి ఫీ, ఫీ, ఫీమ్, ఫీత్, ఫీర్. ఫ్యు నుంచి ఫ్యు, ఫ్యు, ఫ్యుమ్, ఫ్యుత్, ఫ్యుర్. ("ఏఁ" కుటుంబంలో టోపీ ఎన్ మీద కాదు, ఐ మీద.) "ఆ" కుటుంబంలో మాత్రం ఏ-ఐ, ఏ-ఎస్, ఏ, టోపీ పెట్టిన ఏ-ఎం-ఇ-ఎస్, టోపీ పెట్టిన ఏ-టి-ఇ-ఎస్, చివరికి "ఏర్". రెండు నమూనాలు, అంతే. మీ పట్టికలో పేజీల కొద్దీ ఉన్నది ఈ రెండే మళ్లీ మళ్లీ.

మరి ఏ క్రియ ఏ కుటుంబమో ఎలా తెలుసుకోవాలి? పాసే కోంపోజే కోసం మీరు నేర్చుకున్న పాస్ట్ పార్టిసిపిల్ చాలావరకు చెప్పేస్తుంది. అది "యు"తో ముగిస్తే ఇక్కడా "యు": ల్యు, బ్యు, స్యు, క్ర్యు, కొన్యు, రెస్యు, వుల్యు. "ఈ" ధ్వనితో ముగిస్తే ఇక్కడా "ఈ": ఫినీ, పర్తీ, ప్రీ, మీ, దీ, ససీ. పార్టిసిపిల్ నమ్మించి మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి, అవి మాత్రం గుర్తుంచుకోవాలి. వాఁద్యు, అతాఁద్యు, రేపోఁద్యు, పెర్ద్యు లాంటి డి-ఆర్-ఇ క్రియలన్నీ పార్టిసిపిల్‌లో "యు" అయినా ఇక్కడ "ఈ". బాత్ర్ (కొట్టు) కూడా అంతే, బతీ. వ్వార్ పార్టిసిపిల్ వ్యు, కానీ ఇక్కడ వీ. వెన్యు, తెన్యు మనకు తెలిసిన వేఁ, తేఁ. మోర్ నుంచి ముర్యు, నే నుంచి నకీ, ఎతే నుంచి ఫ్యు, ఫె నుంచి ఫీ, ఉవేర్ నుంచి ఉవ్రీ. రోజూ ఎదురయ్యే మినహాయింపులు దాదాపు ఇవే.

లాటిన్ కొంచెం తెలిసినవాళ్లకు ఈ పొట్టి రూపాలు వింతగా అనిపించవు. పాసే సేంప్ల్ లాటిన్ పర్‌ఫెక్ట్ నుంచి నేరుగా వచ్చింది. లాటిన్ ఫేకిత్ నుంచి ఫీ, వీదిత్ నుంచి వీ, దీక్సిత్ నుంచి దీ, మీసిత్ నుంచి మీ, ఫుయిత్ నుంచి ఫ్యు. అంటే ఫేర్, ఫీ మధ్య కనిపించే దూరం ఫ్రెంచివాళ్లు సృష్టించింది కాదు, లాటిన్‌లోనే మూల రూపం ఒకలా, పర్‌ఫెక్ట్ ఇంకోలా ఉండేవి. జూలియస్ సీజర్ పేరుతో చెప్పుకునే "వేనీ, వీదీ, వీకీ" (వచ్చాను, చూశాను, గెలిచాను) ఉంది కదా, దాన్ని పాసే సేంప్ల్‌లో పెడితే "జ వేఁ, జ వీ, జ వేఁకీ". మూడూ ఇబ్బంది పెట్టే క్రియలే, మూడూ ఒకే వాక్యంలో. నా విద్యార్థులకు ఇదొక్కటి ఊరికే గుర్తుండిపోతుంది.

అభ్యాసానికి మోపాసాఁ కంటే ముందు చరిత్ర చదవమంటాను. వాక్యాలు పొట్టిగా ఉంటాయి, తేదీలు దారి చూపిస్తాయి, కథ మీకు ముందే తెలిసుంటుంది. మనవాళ్లకు దగ్గరి కథే తీసుకుందాం. డూప్లే 1697లో లాఁద్రెసీలో నకీ (పుట్టాడు). 1741లో వితంతువైన జాన్‌ను ఎపూజా (పెళ్లి చేసుకున్నాడు). 1742లో పాండిచ్చేరి గవర్నర్ దెవేఁ (అయ్యాడు). 1746లో ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లా బుర్దొనే మద్రాసును ప్రీ (పట్టుకున్నాడు). 1753లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు సేదా (ఇచ్చేశాడు). 1754లో డూప్లేని వెనక్కి పిలిపించారు, అంటే ఫ్యు రప్లే. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం బొబ్బిలి కోటను ప్రీ, కోటలోని వాళ్లు ముర్యుర్ (చనిపోయారు). 1761లో ఇంగ్లీషువాళ్లు పాండిచ్చేరిని ప్రీర్. డూప్లే 1763లో పారిస్‌లో ముర్యు, బుస్సీ 1785లో పాండిచ్చేరిలో ముర్యు. తొమ్మిది వాక్యాల్లో నాలుగు కుటుంబాలూ వచ్చేశాయి. బొబ్బిలి కథ బుర్రకథల్లో విన్నవాళ్లు అదే సంగతి ఫ్రెంచివాళ్ల వైపు నుంచి, ఈ కాలంలో చదివితే క్రియలు ఎంత పొడిగా, ఎంత దూరంగా వినిపిస్తాయో తెలుస్తుంది.

రూపాల కంటే వాడుకలోనే అసలు తిరకాసు ఉంది. ఎంపర్ఫే ఎక్కడ, పాసే సేంప్ల్ ఎక్కడ? "ఎక్కువసేపు జరిగితే ఎంపర్ఫే, ఒక్కసారి జరిగితే ఇది" అని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట వదిలెయ్యండి. పద్నాలుగో లూయీ 72 ఏళ్లు పరిపాలించాడు అనడానికి "రేన్యా" అని పాసే సేంప్లే వాడతారు. 72 ఏళ్లు తక్కువ కాదు కదా. కానీ ఆ పాలనను మొదలూ చివరా ఉన్న ఒకే ముద్దగా చూస్తున్నాం, కాబట్టి ఇది. "వాన పడుతూ ఉంది. తలుపు తెరుచుకుంది. ఒకాయన లోపలికొచ్చాడు" అంటే వాన ఎంపర్ఫే, తలుపూ ఆయనా పాసే సేంప్ల్. కథను ముందుకు నెట్టేది ఇది, కథ చుట్టూ ఉన్నది అది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, ఇంగ్లీషు ద్వారా నేర్చుకోవడం వల్ల దాన్ని వాడుకోం. సవె (ఎంపర్ఫే) అంటే తెలుసు, స్యు (పాసే సేంప్ల్) అంటే తెలిసింది. అవె పర్ అంటే భయంగా ఉంది, యు పర్ అంటే భయమేసింది. కొనెసె అంటే పరిచయం ఉంది, కొన్యు అంటే పరిచయమైంది. పువె అంటే చేయగలిగేవాడు, ప్యు అంటే చేయగలిగాడు. స్థితి నుంచి సంఘటనకు మారడం తెలుగు క్రియల్లో మనం రోజూ చేసే పనే. మీకు అనుమానం వచ్చినప్పుడు వాక్యాన్ని ఇంగ్లీషులోకి కాకుండా తెలుగులోకి తిప్పండి. "-ఇంది, -ఆడు, -ఏసింది" అని వస్తే పాసే సేంప్ల్, "-తూ ఉంది, -ఏవాడు, ఉండేది" అని వస్తే ఎంపర్ఫే. నూటికి నూరుపాళ్లు కాదు గానీ చాలా దూరం తీసుకెళ్తుంది.

నవలల్లో సంభాషణల తర్వాత వచ్చేవి వేరే చెప్పాలి. "దీతిల్" (అన్నాడు అతను), "రేపోఁదీతెల్" (జవాబిచ్చింది ఆమె). "ఆ" కుటుంబంలో చివర టి లేదు కాబట్టి మధ్యలో ఒక టి చొప్పిస్తారు: "దెమాఁదాతిల్" (అడిగాడు). ఇక "ఫీతిల్" కనిపిస్తే "చేశాడు" అనుకోకండి, సంభాషణ పక్కన అది "అన్నాడు". పాత కథల్లో చాలా తరచుగా వస్తుంది.

టోపీ ఇంకో చోట ప్రాణం తీస్తుంది. ఎఫ్-యు-టి మీద టోపీ లేకపోతే పాసే సేంప్ల్, ఉంటే ఎంపర్ఫే సబ్జంక్టివ్. ఇ-యు-టి కూడా అంతే. పలకడంలో తేడా లేదు. 19వ శతాబ్దపు రచనల్లో రెండూ ఒకే పేజీలో ఉంటాయి. "అతను" రూపం మీద టోపీ కనిపిస్తే ముందు "క" (అని) లాంటి మాట ఉందేమో వెనక్కి చూడండి. ఇప్పటికి ఆ సబ్జంక్టివ్‌ని గుర్తుపడితే చాలు, నేర్చుకోనక్కర్లేదు.

"క్వాఁ, లొర్స్‌క, దె క" (అప్పుడు, కాగానే) తర్వాత "యు ఫినీ", "ఫ్యు పర్తీ" లాంటివి వస్తే అది పాసే ఆంతేరియర్. పెద్ద పేరే తప్ప విషయం చిన్నది: "భోజనం అయ్యాక బయటికి వెళ్లాడు" అన్న వాక్యంలో "అయ్యాక". యు, ఫ్యు వచ్చినవాళ్లకు అది ఉచితంగా వచ్చేస్తుంది.

"మేము", "మీరు", "నువ్వు" రూపాల మీద సమయం పెట్టకండి. "నేను" మాత్రం ఆత్మకథల్లో, ఉత్తమ పురుష కథనాల్లో బాగా వస్తుంది, మోపాసాఁలో కూడా. "మేము" అప్పుడప్పుడు. "మీరు" రూపం ఇవాళ్టి ఫ్రెంచివాళ్ల చెవికి నాటకంలా, కాస్త హాస్యంగా వినిపిస్తుంది. ఫ్రాన్స్‌లోనే 2016లో అమల్లోకి వచ్చిన ప్రాథమిక పాఠశాల సిలబస్ "అతను", "వాళ్లు" రూపాల మీదే దృష్టి పెట్టింది. భాషను కుదించేస్తున్నారని పత్రికల్లో గొడవ కూడా అయింది. నాకైతే ఆ సిలబస్ రాసినవాళ్లు పుస్తకాల్లో నిజంగా ఏముందో చూసి రాసినట్టే అనిపిస్తుంది.

పట్టికలో ఎక్కడైనా గళ్లు ఖాళీగా ఉంటే అచ్చుతప్పు కాదు. ఎక్స్‌త్రేర్ (బయటికి తీయి), దిస్త్రేర్ లాంటి వాటికీ, క్లోర్ (మూసెయ్యి) కీ అసలు పాసే సేంప్ల్ లేదు. రచయితలు వేరే క్రియతో సర్దుకుంటారు.

పరీక్ష సంగతి కూడా అడిగారు. డెల్ఫ్ బీ2 రాత పరీక్షలో అభిప్రాయం వాదించమంటారు, ఉత్తరమో వ్యాసమో రాయమంటారు. అక్కడ దీని అవసరం రాదు. గతం చెప్పాల్సి వస్తే పాసే కోంపోజేతో హాయిగా వెళ్లండి. మీ అంతట మీరు కథ రాయాలనుకుంటే మాత్రం మొదటి వాక్యంలోనే నిర్ణయించుకోండి. కథనం పాసే సేంప్ల్ అయితే చివరిదాకా అదే, పాత్రలు నోరు తెరిచినప్పుడు మాత్రం పాసే కోంపోజే. ఒక వాక్యం "ఇల్ ఆఁత్రా" అని, తర్వాతది కథనంలోనే "ఇల్ అ ప్రీ" అని రాస్తే దిద్దేవాళ్లు ఎర్ర పెన్ను తీసేది అక్కడే.